చేపల చెరువులో పచ్చతెట్టు



ఈ వేళ నేను మీతో ముచ్చటించబోయేది చెరువు నీళ్ళ మీద పేరుకునే పచ్చతెట్టును గూర్చి. ఏలూరు మొదలుకొని తాడేపల్లిగూడెం వరకు, ఇటు కైకలూరు, ఆకివీడు, భీమవరం వరకు చేపల చెరువున్న ప్రతి రైతూ దీన్ని చూసినవాడే. పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళేసరికి చెరువుకు ఒక మూల ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు వుంటుంది. మధ్యాహ్నం గాలి తిరిగితే అది ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంది. దోసిట్లోకి తీసుకుంటే సన్నని రవ్వలాగా, జిగురుగా తగులుతుంది. వాసన చూస్తే పచ్చివాసన. నాలుగు రోజులు పోయాక చూస్తే కుళ్ళువాసన.

దీన్ని చూడగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: "ఏం మందు కొట్టమంటారండీ?" ఒకప్పుడు నేనూ ఆ ప్రశ్నకు అప్పటికప్పుడే జవాబు చెప్పేవాణ్ణి. ఆ జవాబు ఒక రైతుకు ఎంత ఖరీదు పడిందో ముందు చెప్పి, తరువాత అసలు సంగతికి వస్తాను.

పన్నెండేళ్ళ కిందటి మాట. కార్తీక మాసం. కైకలూరుకు అవతల ఒక ఊళ్ళో పది ఎకరాల చెరువు. అందులో శీలావతి, బొచ్చె కలిపి పెంచుతున్నారు. చేప కిలో దాటింది, ఇంకో ఇరవై రోజుల్లో పట్టుబడి. అంతలో చెరువు నిండా పచ్చతెట్టు కట్టింది. కబురు చేస్తే వెళ్ళాను. చూశాను. మైలతుత్తం వెయ్యమన్నాను. రైతు నాకంటె పెద్దవాడు, అనుభవం వున్నవాడు. "సగం చెరువుకి ఈ వేళ వేసి, మిగతా సగం నాలుగు రోజులు ఆగి వేద్దామా బాబుగారూ?" అని అడిగాడు. "ఎందుకండీ రెండుసార్లు శ్రమ, ఒక్కసారే వేసెయ్యండి" అన్నాను నేను. వేశారు. రెండోరోజుకల్లా తెట్టు విరిగింది, నీళ్ళు తేటపడ్డాయి. రైతు సంతోషంగా ఫోను చేశాడు. నేనూ సంతోషించాను.

మూడోరోజున వాయుగుండం పట్టింది. ఎండ లేదు, గాలి కూడా స్తంభించింది. నాలుగోరోజు తెల్లవారుజామున మూడు గంటలకు ఫోను మోగింది. "బాబుగారూ, చేప తేలిందండి."

నేను వెళ్ళేసరికి తెల్లవారింది. గట్టు పొడుగునా తెల్లగా బొచ్చెలు. గద్దలు, కాకులు అప్పటికే దిగాయి. లెక్క చూసుకుంటే మూడోవంతు చేప పోయింది. రైతు నన్ను ఒక్కమాట అనలేదు. కాఫీ ఇప్పించాడు. అరుగు మీద కూర్చున్న ఆయన తల్లి మాత్రం, "మా అబ్బాయి రెండు దఫాలుగా వేస్తానన్నాడంట గదా నాయనా" అన్నది. అంతే అన్నది. నేనేమీ చెప్పలేకపోయాను.

ఇంతకూ ఆ రాత్రి చేపను చంపింది తెట్టు కాదు. తెట్టు చావు.

ఇది కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాలి. చెరువులోని పచ్చదనం అంతా కంటికి కనబడని మొక్కలు. వరిచేను ఎట్లా ఎండను పట్టుకుని పెరుగుతుందో ఇవీ అట్లాగే పెరుగుతాయి. పగలు ప్రాణవాయువును నీళ్ళలోకి వదులుతాయి. మన చేప పీల్చే ప్రాణవాయువులో ఎక్కువ భాగం గాలిలోనుంచి దిగింది కాదు, ఈ మొక్కలు తయారుచేసిందే. రాత్రి మాత్రం చేపతోపాటు అవీ పీల్చే పక్షంలోకి చేరతాయి. అంచేత చెరువులో ప్రాణవాయువు మధ్యాహ్నం మూడు గంటల వేళ అన్నిటికంటె ఎక్కువగాను, తెల్లవారబోయే ముందు అన్నిటికంటె తక్కువగాను వుంటుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములుంటే చేప సుఖంగా మేత తింటుంది. 3కు దిగితే ఆయాసపడుతుంది. 1 దగ్గరికి వచ్చిందా, చచ్చిపోతుంది.

పచ్చదనం ఎంత చిక్కగా వుంటే పగటి లాభమూ, రాత్రి నష్టమూ రెండూ అంత ఎక్కువ. ఇక ఆ పచ్చదనం మొత్తం ఒక్కసారే చచ్చిందనుకోండి. పగలు తయారుచేసే వాళ్ళు లేరు. చచ్చిన సరుకంతా అడుక్కు దిగి కుళ్ళుతుంది. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు వున్న కాస్త ప్రాణవాయువునూ తాగేస్తాయి. దానికి తోడు మబ్బు. నా చేతిమీదుగా జరిగింది ఇదే. మందు వెయ్యకపోయినా ఇది జరగవచ్చు. నాలుగు రోజులు వరుసగా మబ్బు పట్టినా, పెద్ద వాన పడి పైనీళ్ళు కిందికీ కిందినీళ్ళు పైకీ కలిసినా, తెట్టు తనంతట తానే విరిగిపోతుంది. ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా, తుఫానుల కాలంలో, మన చెరువులకు ఇదే గండం.

కాబట్టి పచ్చదనమంతా శత్రువు కాదు. ఏ పచ్చదనం మంచిదో ఏది కాదో గుర్తుపట్టడానికి ఒక చిన్న పరీక్ష చెబుతాను, ఖర్చు లేనిది. గాజుగ్లాసు నిండా చెరువు నీళ్ళు తీసుకోండి. కదపకుండా అరగంట నీడలో పెట్టండి. పచ్చదనం గ్లాసంతా సమంగా వుంటే అది మామూలు ఆకుపచ్చ నాచు, చెరువుకు కావలసిందే. అట్లా కాక, పచ్చదనం పైకి తేలి గ్లాసు అంచు చుట్టూ వలయంలాగా కట్టి, కింది నీళ్ళు తేటపడితే అది నీలి ఆకుపచ్చ జాతి. శాస్త్రజ్ఞులు మైక్రోసిస్టిస్ అనే రకం మన తెట్లలో తరచుగా కనబడుతుంది. దాని శరీరంలో గాలి బుడగలుంటాయి, అందుకే తేలుతుంది. పైన చాపలాగా పరుచుకుని కింద వున్న మంచినాచుకు ఎండ తగలనివ్వదు. చేపకు సరైన మేతా కాదు.

ఎర్రతెట్టు వేరు. ఎండెక్కితే ఇటుకరంగులో, సాయంత్రానికి మళ్ళీ పచ్చగా మారుతూ వుంటుంది. అది యూగ్లీనా జాతి. మేత, పెంట ఎక్కువై అడుగున కుళ్ళు పేరుకున్న చెరువుల్లో వస్తుంది. ఇక తలవెంట్రుకల్లాగా కర్రలను, వలలను పట్టుకుని వేలాడే పీచునాచు మూడోది. ఇది నీళ్ళు మరీ తేటగా, లోతు తక్కువగా వున్నచోట పెరుగుతుంది. దాన్ని చేత్తో లాగి గట్టున వెయ్యడమే మందు. గడ్డిచేపలు కొన్ని వుంటే అవీ కొంత తింటాయి. దానితో పెద్ద ప్రమాదం లేదు గనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

ఈ నీలి ఆకుపచ్చ జాతి మన వరిరైతుకు కొత్తది కాదు సుమండీ. దాని చుట్టాలనే మనం వరిమళ్ళలో జీవన ఎరువుగా వేసుకుంటున్నాము. గాలిలో వున్న నత్రజనిని పట్టి చేనుకిచ్చే గుణం వాటిలో కొన్నిటికి వున్నది. చేలో మిత్రుడు, చెరువులో శత్రువు. అయితే ఈ గుణంలోనే ఒక చిక్కు వున్నది. "యూరియా ఆపేశానండీ, అయినా తెట్టు పోలేదు" అని రైతులు అంటూ వుంటారు. నత్రజని ఆపినంత మాత్రాన ఈ జాతి పస్తు పడుకోదు. వీటిలో కొన్ని తమ నత్రజనిని తామే సంపాదించుకుంటాయి. మరి వాటికి లేకపోతే గడవనిది ఏది?

దానికి జవాబు కెనడా దేశంలో దొరికింది. 1973లో అక్కడి ఒంటారియో రాష్ట్రంలో, ప్రయోగాలకోసమే కేటాయించిన సరస్సుల్లో ఒకదాన్ని, డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయనతో పనిచేసేవారు మధ్యకు తెర కట్టి రెండుగా చేశారు. ఒకవైపు కర్బనం, నత్రజని వేశారు. రెండోవైపు ఆ రెండూ వేసి, వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన సగం పచ్చగా తెట్టు కట్టింది. భాస్వరం లేని సగం మామూలుగానే వున్నది. పైనుంచి తీసిన ఫొటోలో తెరకు ఇటు ఒక రంగు, అటు ఒక రంగు. ఆ తరువాత చాలా దేశాల్లో బట్టలుతికే పొడుల్లో భాస్వరం తగ్గించడానికి ఆ ఫొటో కూడా ఒక కారణమయింది.

ఇప్పుడు మన చెరువుకు వద్దాము. మనం భాస్వరాన్ని సంచులతో పోస్తున్నాము. లెక్క చూడండి. ఎకరం చెరువులో 5 అడుగుల నీళ్ళుంటే అది సుమారు 60 లక్షల లీటర్లు. సింగిల్ సూపర్ ఫాస్ఫేటు 50 కిలోల సంచిలో వున్న అసలు భాస్వరం సుమారు మూడున్నర కిలోలు. ఆ ఒక్క సంచి వేస్తే లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకు పడుతుంది. సరస్సుల్లో లీటరుకు పదోవంతు మిల్లీగ్రాము దాటితేనే నీళ్ళు చిక్కబడతాయని శాస్త్రం. వేసినదంతా నీళ్ళలోనే వుండిపోదు, చాలావరకు మట్టి పట్టుకుంటుంది, నిజమే. కాని పట్టుకున్న మట్టి వడ్డీ వ్యాపారి లాంటిది, ఎప్పుడో ఒకప్పుడు తిరిగి బయటపెడుతుంది. అడుగున ప్రాణవాయువు తగ్గిన రోజున మరీ త్వరగా వదులుతుంది.

ఇది కాక కోడిపెంట. అది కాక మేత. నూనె తీసిన తవుడులో భాస్వరం బాగా వుంటుంది గాని, అందులో ఎక్కువ భాగం చేప అరిగించుకోలేని రూపంలో వుంటుంది. తిన్న చేప దాన్ని అట్లాగే విసర్జిస్తుంది. నత్రజని సంగతి చూసినా, మేతలో వున్నదానిలో సుమారు నాలుగోవంతే చేప కండగా మారుతుంది. మిగతా మూడు వంతులూ నీళ్ళ పాలు. అంటే తెట్టు ఎక్కడినుంచో వచ్చిన తెగులు కాదు. మనం డబ్బు పెట్టి కొన్న తవుడు, చెక్క, పెంట రంగు మార్చుకుని పైకి తేలిందన్నమాట. దాన్ని మందుకొట్టి చంపినా ఆ సరుకు చెరువులోనే వుంటుంది. పదిహేను రోజుల్లో మళ్ళీ లేస్తుంది.

మా అక్కగారి అబ్బాయి హైదరాబాదులో వుంటాడు. ఇంట్లో బల్లంత గాజుతొట్టిలో సముద్రపు ఉప్పునీళ్ళు పోసి, రంగురంగుల చేపలను, పగడపు జీవులను పెంచుతాడు. అదొక సరదా, ఖరీదైన సరదా. ఆ మధ్య తొట్టి నిండా నాచు పట్టి, పగడాలను కప్పేస్తున్నదని నాకు ఫోను చేశాడు. అప్పటికే రెండు మూడు సీసాల మందు కొని పోశాడట. "రోజుకు ఎన్నిసార్లు మేత వేస్తున్నావురా?" అని అడిగాను. మూడుసార్లు, పైగా పిల్లలు వాళ్ళ పద్ధతిలో వాళ్ళు వేస్తున్నారట. నీళ్ళు కుళాయివి. మేత ఒకపూటకు తగ్గించమన్నాను. నాచు చేత్తో పీకి బయట పారెయ్యమన్నాను. దీపం వెలిగే గంటలు తగ్గించమన్నాను. వారానికి పదోవంతు నీళ్ళు శుద్ధి చేసినవి మార్చమన్నాను. నాచు తినే నత్తలు రెండు మూడు వెయ్యమన్నాను. రెండు నెలలు పట్టింది గాని తగ్గింది. తగ్గాక వాడు ఊరుకోలేదు. నీళ్ళు అద్దంలా వుండాలని భాస్వరాన్ని, నత్రజనిని పూర్తిగా లాగేసే సామాను ఏదో పెట్టాడు. అప్పుడు ఇంకో రకం గోధుమరంగు జిగురు పట్టింది, పగడాలు పాలిపోయాయి. ఉప్పునీళ్ళ గాజుతొట్టి అయినా, కొల్లేటి చెరువయినా, నాచు కడుపు నింపేది ఒకటే సరుకు. అట్లాగని ఆ సరుకును సున్నాకు దించబోతే అదీ చిక్కే.

చెరువు నీళ్ళు ఎంత పచ్చగా వుండాలి? ఒక తెల్లని పళ్ళానికి తాడు కట్టి, పైన బరువు పెట్టి, పదకొండు గంటల ఎండలో నీళ్ళలోకి దించండి. ఎక్కడ కనబడకుండా పోతుందో అక్కడ తాడు పట్టుకుని కొలవండి. 25 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య మాయమైతే మంచి నీళ్ళు. పళ్ళెం లేకపోతే చెయ్యే కొలత. చెయ్యి నిలువుగా నీళ్ళలో ముంచండి. మణికట్టు మునిగేసరికే వేళ్ళు కనబడకపోతే నీళ్ళు మరీ చిక్కబడ్డాయి. ఆ రోజునుంచే కోడిపెంట, సూపర్, యూరియా, అన్నీ బంద్. మోచెయ్యి మునిగినా అరచెయ్యి తేటగా కనబడుతుంటే అప్పుడు కొంచెం ఎరువు వెయ్యవచ్చు. నేను చూసినంతలో మనవాళ్ళు ఎరువు క్యాలెండరు చూసి వేస్తారు, నీళ్ళు చూసి వెయ్యరు. "పదిహేను రోజులయిందండీ, పెంట వెయ్యాలి" అంటారు. చెరువుకు తారీఖులు తెలియవు.

తెట్టు కనబడ్డాక చెయ్యవలసిన మొదటి పని మేత తగ్గించడం. ఈ మాట చెబితే రైతు ముఖం చిన్నబోతుంది. "చేప ఎదగదు గదండీ" అంటాడు. తెట్టు వున్న నీళ్ళలో ఆయాసపడే చేప మేత ఎట్లాగూ సరిగా తినదు. మన ప్రాంతంలో మేత సంచులకు కన్నాలు పెట్టి కర్రలకు కట్టే పద్ధతి వున్నది గదా, అది ఇందుకు చాలా అనుకూలం. కట్టిన రెండు మూడు గంటలకు సంచి తడిమి చూడండి. మేత మిగిలివుంటే మర్నాడు ఆ మేరకు తగ్గించండి. మేత పొద్దున తొమ్మిది దాటి, నీళ్ళలో ప్రాణవాయువు లేచాక కట్టండి. మబ్బు పట్టిన రోజున సగం. చేప తేలిన రోజున అసలు వద్దు.

రెండో పని, తెట్టును బయటికి తియ్యడం. ఇది మొరటు పనే, కాని మందు చెయ్యలేని పని ఇది చేస్తుంది, భాస్వరాన్ని చెరువునుంచి బయటికి పంపుతుంది. గాలికి తెట్టు ఏ మూలకు చేరుతుందో చూసి, తెల్లవారాక గాలి లేవకముందే ఆ మూల సన్నకన్ను దోమతెర గుడ్డతో ఇద్దరు మనుషులు లాగితే బుట్టలకు బుట్టలు వస్తుంది. దాన్ని గట్టు మీద పోస్తే వానకు మళ్ళీ చెరువులోకే దిగుతుంది. కొంచెం దూరంగా గొయ్యి తీసి పూడ్చండి. పశువులు తిరిగే చోట మాత్రం వెయ్యవద్దు. చెయ్యి కడుక్కోకుండా అన్నం తినవద్దు.

పశువుల మాట ఎందుకన్నానంటే, ఈ జాతిలో కొన్నిటికి విషం వుంటుంది. 1878లోనే ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రీనా అనే సరస్సులో తెట్టు తాగిన పశువులు, గొర్రెలు చచ్చిపోయిన సంగతి జార్జి ఫ్రాన్సిస్ అనే ఆయన లోకానికి తెలియజేశాడు. 2014 ఆగస్టులో అమెరికాలో టొలీడో అనే నగరానికి నీళ్ళిచ్చే ఈరీ సరస్సులో ఇటువంటి తెట్టే కట్టి, 4 లక్షలకు పైగా జనం కుళాయి నీళ్ళు తాగవద్దని రెండు మూడు రోజులు చెప్పవలసి వచ్చింది. కాచినా ఆ విషం పోదు. మన ఊళ్ళలో గేదెలను చెరువులోకి తోలే అలవాటు వున్నది. తెట్టు కట్టిన చెరువులోకి తోలవద్దు. చెరువు పక్కనే వున్న మంచినీటి గుంటలోకి ఆ నీళ్ళు ఊట రూపంలో గాని, తూము ద్వారా గాని రాకుండా చూసుకోవాలి.

మూడో పని నీళ్ళు మార్చడం. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. మన చెరువులకు వచ్చే నీళ్ళు చాలాచోట్ల కొత్తనీళ్ళు కావు. పై చెరువు రైతు మురుగు కాలువలోకి వదిలిన నీళ్ళనే కింది చెరువు రైతు ఇంజను పెట్టి ఎక్కించుకుంటాడు. వరిచేల ఎరువునీళ్ళూ ఆ కాలువలోకే. చివరకు అంతా కొల్లేటిలో కలిసి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోవాలి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. 2006లో 5వ కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పటి కష్టనష్టాల మాట ఈ వేళ నేను ఎత్తను, అది వేరే ప్రసంగం. కాని బయట మిగిలిన చెరువుల మురుగు కూడా ఆ సరస్సుకే పోతుంది. తెట్టు కట్టిన నీళ్ళను, అందులోనూ మైలతుత్తం వేసిన నీళ్ళను కాలువలోకి వదిలేముందు కింద ఎవరి తూము వున్నదో ఆలోచించండి. ఒక కాలువ మీద వున్న రైతులంతా కూర్చుని, ఎవరు ఏ రోజు వదలాలో, ఎవరు ఏ రోజు ఎక్కించుకోవాలో మాట్లాడుకున్న ఊళ్ళు వున్నాయి. అక్కడ తెట్టు బాధ తగ్గిందని నేను కళ్ళారా చూశాను.

కొత్తనీళ్ళు ఎక్కించేముందు కాలువ నీళ్ళను కూడా గ్లాసులో పోసి అరగంట చూడండి. అందులోనూ పచ్చవలయం కడితే మోటారు ఆపండి.

వెండిచేప సంగతి చాలామంది అడుగుతారు. ఈ చేపను 1959లో బయటి దేశం నుంచి కటకానికి తెచ్చారు. నీళ్ళలోని పచ్చదనాన్ని జల్లెడపట్టి తినడం దాని పని. తెట్టును కొంతవరకు తగ్గిస్తుంది. కాని తొందరగా పాడవుతుంది, మన మార్కెట్టులో ధర తక్కువ, బొచ్చె తినే మేతలోనూ కొంత వాటా తీసుకుంటుంది. అందుకే మన రైతుకు అదంటే చిన్నచూపు. ఏటేటా తెట్టు బాధపడే చెరువయితే ఎకరానికి కొద్దిపాటి వెయ్యడం మంచిదని నా అభిప్రాయం. తెట్టు కట్టాక వేస్తే లాభం లేదు.

ఇక మందుల మాట. ఊరికొక దుకాణం, దుకాణానికి ఇరవై డబ్బాలు. డబ్బా మీద రొయ్య బొమ్మ వుంటుంది, చేప బొమ్మ వుంటుంది, లోపల ఏమున్నదో మాత్రం సరిగా వుండదు. కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఇందులో వున్నది ఏమిటి? ఎకరానికి ఎంత? ఇది చెరువులోని భాస్వరాన్ని తగ్గిస్తుందా, లేక పచ్చరంగునే పోగొడుతుందా? మూడో ప్రశ్నకు దుకాణదారు నీళ్ళు నమిలితే డబ్బు జేబులోనే వుంచండి.

మైలతుత్తం అసలు వాడకూడదా అంటే, వాడవచ్చు, కాని లెక్క తెలిసి. ముందు నీళ్ళ క్షారత పరీక్ష చేయించాలి. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల క్షారత వున్నదో దాన్ని 100తో భాగిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల తుత్తమో వస్తుంది. క్షారత 150 అయితే ఒకటిన్నర. 5 అడుగుల నీళ్ళున్న ఎకరానికి సుమారు 9 కిలోలు. క్షారత 50కి తక్కువైతే చేపకే విషం, తాకవద్దు. 250 దాటితే చాలాభాగం అడుక్కు దిగిపోయి పని చెయ్యదు. నీలకంఠ రొయ్య కలిపి వేసిన చెరువులో వద్దు, పిల్లచేప వున్న చెరువులో వద్దు. ఎండ కాసే రోజున, పొద్దున పది గంటల వేళ, చెరువులో నాలుగోవంతు మేరకే, తెట్టు చేరిన వైపున చల్లాలి. మిగతా భాగం వారం ఆగి. ఏరేటరు గాని, ఇంజను గాని గట్టుమీద సిద్ధంగా వుంచుకోకుండా మొదలుపెట్టకూడదు. వాతావరణ వార్తల్లో వాయుగుండం మాట వినబడితే ఆ వారం మానుకోవాలి. ఇవన్నీ నాకు ఆ పది ఎకరాల చెరువు నేర్పినవే.

మధ్యాహ్నం వేళ తెట్టున్న చెరువులో సున్నం చల్లడం కూడా ప్రమాదమే. అప్పటికే నీళ్ళ ఉదజని సూచిక 9 దగ్గర వుంటుంది. కాల్చిన సున్నం దాన్ని ఇంకా పెంచుతుంది. అప్పుడు నీళ్ళలోని అమ్మోనియా విషంగా మారుతుంది.

రాత్రి చేప తేలితే ఏం చెయ్యాలి? ముందు గుర్తుపట్టాలి. తెల్లవారుజామున తేలి, ఎండెక్కాక దిగిపోతే అది ప్రాణవాయువు కొరత. పగలంతా తేలివుంటే మొప్పల జబ్బో, ఇంకొకటో, దానికి వైద్యం వేరు. ప్రాణవాయువు కొరతయితే ఏరేటర్లు తిప్పండి. లేకపోతే ఇంజను పెట్టి చెరువు నీళ్ళనే తోడి, గొట్టం చివర పలక అడ్డుపెట్టి, ఎత్తునుంచి తుంపరగా మళ్ళీ చెరువులోనే పడేట్టు చెయ్యండి. ఒక మూల అయినా మంచి నీళ్ళుంటే చేపలు అక్కడికి చేరి ప్రాణం నిలుపుకుంటాయి. కాలువ నీళ్ళు బాగుంటే ఎక్కించండి. వల వెయ్యవద్దు, మనుషులు దిగి నీళ్ళు కలచవద్దు, అడుగు బురద లేస్తే వున్నదీ పోతుంది. సూర్యుడు వచ్చి రెండు గంటలయ్యేదాకా ఇంజను ఆపవద్దు. మబ్బు వీడకపోతే మర్నాటి రాత్రికి, చేప తేలకముందే, పన్నెండు గంటలకే మొదలుపెట్టండి.

తెట్టు వల్ల ఇంకొక నష్టం వున్నది, అది పట్టుబడి అయ్యాక తెలుస్తుంది. చేపకు మట్టివాసన. ఈ జాతి నాచుల్లో కొన్ని వదిలే పదార్థం చేప కొవ్వులోకి చేరుతుంది. మంచుపెట్టెల్లో సర్దిన మన చేప కలకత్తా చేరి, అక్కడి ఇల్లాలు కూర వండాక, "ఇదేం చేపండీ, బురద కంపు" అంటుంది. మర్నాడు ఆ దుకాణదారు ఫలానా ఊరి చేప వద్దంటాడు. తెట్టున్న చెరువును వెంటనే పట్టకుండా, మేత ఆపి, మంచి నీళ్ళు మార్చి, ఒకటి రెండు వారాలు ఆగితే ఆ వాసన చాలావరకు పోతుంది. పట్టేముందు ఒక చేపను ఉప్పు మాత్రం వేసి ఉడికించి, ఇంట్లో వాళ్ళకు రుచి చూపండి. ఈ పరీక్షకు ఆడవాళ్ళ ముక్కే ప్రమాణం, మన ముక్కు పని చెయ్యదు.

ఇక అడుగు మట్టి. మన చెరువుల్లో చాలావాటిని ఏళ్ళ తరబడి ఎండగట్టరు. ఒక పట్టుబడి అవగానే మళ్ళీ పిల్ల వేస్తారు. అడుగున నల్లని బురద జానెడు చేరుతుంది. తెట్టుకు గిడ్డంగి అదే. రెండు మూడు పట్టుబడులకు ఒకసారయినా ఎండాకాలంలో చెరువు ఎండగట్టి, నెర్రెలు విడిచాక పైపొర నల్లమట్టిని ఎత్తి కొబ్బరితోటలకు, వరిచేలకు తోలండి. చెరువుకు భారమైన భాస్వరం చేలో ఎరువవుతుంది. లీజుకు తీసుకున్న చెరువుల్లో ఈ ఖర్చు ఎవరిదన్న తగవు వస్తున్నది, నాకు తెలుసు. లీజు కాగితం రాసుకునేనాడే ఆ మాట కూడా రాసుకోండి.

ఆ కైకలూరు అవతలి రైతు ఇప్పటికీ చేపల సాగులోనే వున్నాడు. ఆ మరుసటి ఏడాది చెరువు ఎండగట్టాడు. తూము దగ్గర ఒక పళ్ళెం తాడుకు కట్టి వేలాడదీశాడు. పోయిన నెలలో నేను వెళితే, మనుమడి చేత దాన్ని నీళ్ళలో దింపించి, "ముప్ఫై రెండండీ" అని చెప్పించాడు. ఆయన తల్లి ఇప్పుడు లేదు.

నీళ్ళ పరీక్షకు ఉండిలోని మత్స్య పరిశోధనా స్థానానికి గాని, మీ మండలం మత్స్యశాఖ అధికారి దగ్గరికి గాని నమూనా తీసుకువెళ్ళేటప్పుడు శుభ్రమైన సీసాలో, గట్టుకు పది అడుగుల లోపలినుంచి, మోచెయ్యి లోతున పట్టండి. సీసా అంచుదాకా నింపి మూత బిగించండి. తీసిన గంట, తారీకు, చెరువు విస్తీర్ణం, పదిహేను రోజుల్లో వేసిన మేత, ఎరువుల వివరం కాగితం మీద రాసి సీసాకు అంటించండి. అదేరోజున చేర్చండి, ఎండలో పెట్టవద్దు.